పలకపైని వోల్టుల అంకె

గత మిరప కాలమున గుంటూరు నుండి చిలకలూరిపేట పోవు దారిలోని యొక చిన్న కారపుపొడి కర్మాగారమునకు మేము పోవుట తటస్థించినది. కల్లములలో ఎండిన కాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డునకు వచ్చుచుండెను. అక్కడ నుండి కొంత శీతల గిడ్డంగులకును, కొంత కారపు మిల్లులకును తరలుచుండెను. మేము చూచిన కర్మాగారమున పగటిపూట ఇరువదిమంది స్త్రీలు వరండాలో కూర్చుండి తొడిమలు తీయుదురు. లోపల ఒక యంత్రము పొడిని పొట్లములలో నింపును. పగలు నింపినవి చాలక ఆ దినములలో రాత్రియు దానిని నడపుచుండిరి. పగలు దాని వలన ఏ చిక్కును లేదు. రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట మాత్రము పదియో పదునైదో పొట్లములు పడగానే అది టక్కున ఆగిపోవుచుండెను. ఆగినప్పుడు దాని విద్యుత్ పెట్టెపై 'వోల్టేజి హెచ్చినది' అను అర్థము గల గుర్తు కనబడుచుండెను. పొట్లములు పోనిదే కొత్త సరకు దింపుటకు చోటులేదు. సరకు దిగనిదే మరునాడు వరండాలో కూర్చుండు స్త్రీలకు కూలి లేదు.

యజమాని మమ్ము అడిగిన ప్రశ్న యిది: "ఏమండీ, దీనికి రెండొందల వోల్టుల మోటారుంది. నాలుగొందల వోల్టులది తెచ్చి బిగిస్తే బలం రెట్టింపై ఈ గోల వదుల్తుందా?"

ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. మన యిండ్లలోని మిక్సీకి, నీటి మోటారుకు, రేడియోకు గూడ వెనుక నొక పలక యుండును. దానిపై వోల్టులని యొక అంకె యుండును. అంకె పెద్దదైనచో బలము పెద్దదని మనసునకు తోచుట సహజమే. ఆ తోపు ఎచ్చట తప్పుచున్నదో చూతము.

ముందుగా సర్వో మోటారు అననేమో చెప్పవలెను. ఈ మాట మన ప్రాంతపు గృహస్థులకు కొత్తది కాదు. వోల్టేజి నిలుకడ లేని యూళ్ళలో మిల్లులవారు, ఆసుపత్రులవారు, పెద్ద యిండ్లవారు 'సర్వో స్టెబిలైజరు' అను పెట్టెను పెట్టుకొందురు. దాని లోపల గుండ్రని ఇనుప దిమ్మకు రాగితీగ చుట్టియుండును. ఆ చుట్లపై ఒక బొగ్గు బ్రష్షు జరుగుచుండును. బయటకు పోవు వోల్టేజి తగ్గినదని లోపలి సర్క్యూటు కనిపెట్టగానే ఒక చిన్న మోటారు బ్రష్షును ఒక వైపునకు త్రిప్పును, హెచ్చినదనిన మరియొక వైపునకు త్రిప్పును, సరిపోయినదనిన ఆగును. చేసిన పనిని తానే సరిచూచుకొనుచు, తప్పును దిద్దుకొనుచు, చెప్పిన చోట ఆగు ఈ గుణమే సర్వోతనము. ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఓడల చుక్కానిని ఆవిరిబలముతో త్రిప్పు యంత్రమును గూర్చి 1873లో వ్రాసిన గ్రంథమునందు ఈ పేరును వాడెను. సేవకుడను అర్థము గల లాటిను మాట దానికి మూలము. ఓడ నడపువాని చేయి ఎంత తిరిగిన చుక్కానియు అంతే తిరుగవలెను, ఎక్కువయు కూడదు, తక్కువయు కూడదు అనునదే అతని యభిప్రాయము.

కారపు పొట్లముల యంత్రములో ఈ సేవకుడు చేయు పని తూకము. పొడి నిండిన గరాటులో ఒక మరచుట్టు కడ్డీ నిలువుగా నుండును. అది ఒక చుట్టు తిరిగిన ఇన్ని గ్రాములని లెక్క. కావలసినన్ని చుట్లు తిరిగి తటాలున నిలిచినగాని పొట్లపు తూకము సరిగా రాదు. మోటారు వెనుక భాగమున నున్న ఎన్‌కోడరు అను పరికరము ఇరుసు ఎంత తిరిగినదో అనుక్షణము తెలుపుచుండును. లైనుకును మోటారుకును నడుమ డ్రైవు అను పెట్టె యుండును. అది ఎన్‌కోడరు మాట వినుచు మోటారునకు కరెంటు వడ్డించును. పత్తి పనిలోను ఇట్టి సేవకుడు కలడు. నూలు మిల్లులలో డ్రా ఫ్రేము అను యంత్రము దూది పట్టీలను కలిపి సాగదీయును. క్రొత్తరకపు డ్రా ఫ్రేములో లోపలికి పోవు పట్టీ మందము నొక జత రోలర్లు కొలుచును. మందమెక్కువైనచో ఎక్కువగను, పలుచనైనచో తక్కువగను సాగునట్లు సర్వో మోటారు రోలర్ల వేగమును మార్చును. అచ్చట తప్పు జరిగినచో అది తుదకు నూలులో లావు సన్నములుగా కనబడును.

ఇక వోల్టుల సంగతి. మన పాఠకులలో పెద్దలకు పాత వాల్వు రేడియో జ్ఞాపకముండును. దాని వెనుక 110, 220, 240 అని అంకెలు గల చిన్న బిళ్ళ యుండెడిది. ఊరి కరెంటును బట్టి ఆ బిళ్ళను త్రిప్పి పెట్టెడివారము. 110 దగ్గర నుంచిన సెట్టును 230 వోల్టుల ప్లగ్గులో పెట్టినవానికి పొగవాసన తెలిసెడిది. 240 దగ్గర నుంచినంత మాత్రమున పాట బిగ్గరగా వినబడలేదు గదా! ఆ అంకె పాట బలమును చెప్పునది కాదు. సెట్టు దేనికి సిద్ధపడియున్నదో చెప్పునది.

మోటారు పలకయు ఇదే జాతి. అయితే మోటారులో మరియొక విశేషమున్నది. అయస్కాంతములు గల సర్వో మోటారును తీగలన్నియు విప్పి, ఇరుసును వేరొక మోటారుతో త్రిప్పి, దాని కొసలకు వోల్టుమీటరు తగిలించినచో మీటరు ముల్లు లేచును. అనగా త్రిప్పబడు ఇట్టి ప్రతి మోటారును ఒక చిన్న డైనమోయే. లైను నుండి వచ్చు కరెంటుతో తిరుగుచున్నప్పుడు గూడ ఈ డైనమో గుణము పోదు. తిరుగుకొలది అది ఎదురు వోల్టేజిని పుట్టించును. వేగము రెట్టింపైన ఈ యెదురును రెట్టింపగును. మోటారులోనికి కరెంటు పోవలెనన్న డ్రైవు ఈ యెదురు వోల్టేజిని మించి నెట్టవలెను.

లెక్క చూచిన సులభముగా బోధపడును. ఒక 200 వోల్టుల తరగతి మోటారు నిమిషమునకు వేయి చుట్లు తిరిగినప్పుడు 50 వోల్టుల యెదురు పుట్టించుననుకొందము. మూడువేల చుట్లకు 150 వోల్టులగును. డ్రైవు 200 ఇయ్యగలిగిన తక్కిన 50 వోల్టులు తీగల అడ్డును దాటి కరెంటును నెట్టుటకు మిగులును. అది చాలును. డ్రైవు 150 మాత్రమే ఇయ్యగలిగినచో మూడువేల చుట్లు చేరకమునుపే మోటారు నీరసించును. అదే మోటారు వేయి చుట్లలో నున్నప్పుడు మాత్రము ఏ కొరతయు కానరాదు. కావున వోల్టేజి అనునది సర్వో మోటారుకు వేగపు హద్దు. ఇరుసును మెలిత్రిప్పు బలమో, అది తీగలో పారు కరెంటును బట్టి, అనగా ఆంపియర్లను బట్టి యుండును. బలము కావలసినవాడు పలకపై వోల్టులను గాక ఆంపియర్లను, న్యూటను-మీటర్ల అంకెను చూడవలెను.

అట్లయిన 400 వోల్టుల తరగతి మోటారు దేనికి? దానిలో సన్నని తీగ ఎక్కువ చుట్లు చుట్టబడియుండును. ఒకే వాటేజి గల 200 వోల్టుల మోటారుతో పోల్చిన అది రమారమి సగము కరెంటుతోనే అంత పనియు చేయును. కరెంటు తక్కువైనచో సన్నని కేబులు చాలును, డ్రైవులో వేడి తగ్గును. అందుచేత పెద్ద మోటారులకు 400 తరగతి వాడుదురు. లాభము రాగిలోను వేడిలోను గాని బలములో గాదు. మన యజమాని తలచినట్లు ఉన్న 200 వోల్టుల డ్రైవునకు 400 వోల్టుల మోటారు తగిలించినచో ఏమగును? అది కాలదు, తిరుగును. కాని వేయి చుట్లకు 100 వోల్టుల యెదురు పుట్టించునది గనుక సగము వేగముననే దాని పని ముగియును. అప్పుడు పొట్లములు పగలును సరిగా పడవు.

తారుమారు చేసినచో అపాయమెక్కువ. 200 వోల్టుల డ్రైవును 415 వోల్టుల లైనుకు తగిలించుట క్షణములో జరుగు నష్టము. ఎందువలననో తెలియుటకు డ్రైవు లోపలికి తొంగిచూడవలెను. డ్రైవు ముందుగా ఏ.సి. కరెంటును డి.సి.గా మార్చి పెద్ద కెపాసిటర్లలో నిలువచేయును. మనము 230 వోల్టులని చెప్పు ఏ.సి. నిజమునకు అలవలె ఎగసిపడుచుండును. దాని శిఖరము 230ని 1.414తో హెచ్చవేసినంత, అనగా 325 వోల్టులు. కెపాసిటరు ఆ శిఖరము వరకు నిండును. 415 వోల్టుల లైనుకు ఇది 587 అగును. 200 తరగతి డ్రైవులలోని కెపాసిటర్లు సాధారణముగా 400 వోల్టులకు తాళునట్లు చేసినవి. తక్కినది చెప్పనక్కరలేదు.

ఇన్ని రకముల అంకెలు ఎక్కడ నుండి వచ్చినవి? జపానులో ఇండ్లకు 100, యంత్రములకు 200 వోల్టులు వాడుక. ఐరోపాలో 230, 400. మన దేశమున చిరకాలముగా 240, 415. మూడు ఫేజులలో రెంటి నడుమ కొలిచినది 415. ఒక ఫేజుకును న్యూట్రలుకును నడుమ కొలిచినచో దానిని 1.732తో భాగించినంత, అనగా 240 వచ్చును. జపాను యంత్రములతోడనే వాటి సర్వో మోటారులును, 200 అను అంకెయు మన యూళ్ళకు వచ్చినవి. అట్టి డ్రైవుల పలకపై సామాన్యముగా 200 నుండి 230 వరకు అని యుండును. పైన పది శాతము సహించును. అనగా 253 వోల్టులు దాని ఓర్పునకు మేర.

చిక్కు ఇచ్చటనే యున్నది. మన యూరి స్తంభముపైని ట్రాన్సుఫార్మరు పలకను ఎవరైనను చదివిరా? 11,000 వోల్టులను 433 వోల్టులుగా మార్చునని దానిపై నుండును. మోటారు పలక 415 అనుచుండ దీనికి 433 ఎందుకు? తీగ పొడవునను, ట్రాన్సుఫార్మరు లోపలను కొంత వోల్టేజి దారిలో ఖర్చగును గనుక ముందే కొంత కలిపి యిచ్చుచున్నారు. పగలు లైనుపై బరువున్నప్పుడు ఆ అధికము ఖర్చై లెక్క సరిపోవును. రాత్రి మిల్లులు ఆగి, దీపములారి, బరువు తగ్గినప్పుడు ఖర్చు లేదు. 433ను 1.732తో భాగించిన 250. పైనున్న 11,000 వోల్టుల లైనే రాత్రి అయిదు శాతము లేచినచో 262. ట్రాన్సుఫార్మరునకు దగ్గరగా నున్న కర్మాగారమునకు ఇది తప్పదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములు ఇట్టి సరఫరాలో ఆరు శాతమునకు మించిన హెచ్చుతగ్గులు కూడదన్నవి. ఆ లెక్కను 240కి పైమేర 254. నియమములు కాగితముపై నిలుకడగా నుండును గాని తీగలో నున్నది వోల్టుమీటరే చెప్పవలెను.

మేము వోల్టుమీటరు పెట్టి చూచితిమి. సాయంత్రము ఆరు గంటలకు 236. రాత్రి పదింటికి 262. డ్రైవు ఫేజు న్యూట్రలుల నడుమ తగిలింపబడియుండెను. కెపాసిటరులో సాయంత్రము 334, రాత్రి 370 వోల్టులన్నమాట. ఆ డ్రైవు తన్ను తాను కాపాడుకొనుటకు 400 వోల్టుల కడ ఆగిపోవునట్లు ఏర్పాటున్నది.

ఇంకను 30 వోల్టులున్నవి గదా, ఎందుకాగవలెనని ప్రశ్న. యంత్రము ఆగుచున్న క్షణము నెవరును గమనింపలేదు. అది పొట్లము నింపుచున్నప్పుడు ఆగుటలేదు. నింపుట ముగిసి మరచుట్టు కడ్డీ తటాలున నిలుచునప్పుడు ఆగుచున్నది! ముందు చెప్పిన డైనమో గుణము ఇచ్చట మరల వచ్చినది. వేగముగా తిరుగుచున్న ఇరుసును డ్రైవు పట్టి నిలిపినప్పుడు దాని యూపు అంతయు కరెంటుగా మారి వెనుకకు, అనగా కెపాసిటరులోనికి పోవును. కొండ దిగుచున్న బండి ఎద్దులను త్రోసినట్లన్నమాట. కెపాసిటరులో నిలుచు శక్తి వోల్టుల వర్గమును బట్టి యుండును. 334 నుండి 400 వరకు ఎక్కుటకు అది ఎంత మింగగలదో, 370 నుండి 400 వరకు అందులో సగము కూడ మింగలేదు. పగలు సునాయాసముగా నిమిడిన యూపు రాత్రి పొంగిపొరలెను. మోటారు తప్పు కాదు, బలము తప్పు కాదు. కొత్త మోటారుకు ఖర్చుచేసియున్నను అదే గుర్తు అదే గంటకు కనబడియుండెడిది.

ఇచ్చట మన పల్లెలలోని పంపుసెట్టు మోటారులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. వానిది దీనికి తలక్రిందులైన కథ. అవి ఇండక్షను మోటారులు. వానిని చంపునది సామాన్యముగా తక్కువ వోల్టేజి. లైను చివర 415కు బదులు 340 మాత్రమే అందినచో వోల్టేజి తగ్గినది అయిదవ వంతు కంటె కొంచెము తక్కువే. కాని ఆ మోటారు బలము వోల్టేజి వర్గమును బట్టి యుండును గనుక బలము మూడింట ఒక వంతు పోవును. బోరు లోతు మాత్రము తగ్గదు గదా. మోటారు ఆ పనినే చేయబోయి ఎక్కువ కరెంటును లాగును, వేడెక్కును, తీగపైని పూత మాడును. వైండింగు దుకాణములకు ఎండకాలము చేతినిండ పని కల్పించునది ఇదియే. మోటారులను సామాన్యముగా నలువది డిగ్రీల గాలివేడిని లెక్కించి తయారుచేయుదురు. రెంటచింతల వైపు వేసవి ఆ లెక్కను ఖాతరుచేయదు. పూతకు ఓర్చదగిన వేడిని మించి ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుర్దాయము సగమగునని పనివారి యనుభవ సూత్రము. దూది నలుసులును కారపు దుమ్మును మోటారు రెక్కలపై పేరుకొన్నచో ఆ వేడి బయటకు పోవు దారియు మూసికొనును.

సర్వో మోటారునకు గూడ పూత ప్రాణమే. డ్రైవు కరెంటును నిండు అలగా గాక సెకనుకు వేలసార్లు తునుకలు చేసి పంపును. కేబులు చాల పొడవైనచో ఆ తునుకలు మోటారు కొస దగ్గర ప్రతిధ్వనించి, కెపాసిటరులోని వోల్టేజికి రెట్టింపు వరకు ఎగయవచ్చును. 587కు రెట్టింపన్న వేయి దాటినది. అందుచేతనే 200 తరగతికి చేసిన మోటారును 400 తరగతి డ్రైవుతో నడపరాదు. తయారుచేసినవారు చెప్పిన పొడవును మించి కేబులు లాగుటయు మంచిదికాదు.

మన కర్మాగారమునకు వత్తము. డ్రైవును ఫేజు న్యూట్రలుల నడుమనే యుంచి స్టెబిలైజరు పెట్టిన చాలదా యని యజమాని అడిగెను. వోల్టేజి మెల్లగా పెరుగుట తగ్గుటలకు స్టెబిలైజరు మంచిదే. కాని దాని బ్రష్షు జరుగుటకు కొంత కాలము పట్టును. అంతలో జరుగవలసిన నష్టము జరుగును. పైగా మన యూళ్ళలో న్యూట్రలు తీగ తెగుట వింతగాదు. అది తెగిననాడు మూడు ఫేజుల వోల్టేజి సమానముగా పంచుకొనబడదు. బరువు తక్కువగా నున్న ఫేజులోని యిండ్లకు 300 దాటి రావచ్చును. దీపము ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోవుట, టెలివిజను మాడుట చాలమంది చూచినవే. రెండు ఫేజుల నడుమనున్న 415కు మాత్రము ఈ బాధ లేదు. కావున 415ను 200గా దించు చిన్న ట్రాన్సుఫార్మరును రెండు ఫేజుల నడుమ పెట్టి, దాని నుండి డ్రైవునకు కరెంటు ఇచ్చుట మేలని తోచినది. రాత్రి లైను 454కు లేచినను డ్రైవునకు అందునది 219, కెపాసిటరులో 310. పగలు 409 ఉన్నప్పుడు 197. మూడువేల చుట్లకు అదియు చాలును.

తీగలు విప్పునప్పుడు జరుగబోయినది చెప్పవలెను. మెయిను స్విచ్చి తీసిరి. ఇంక భయమేమని ఒక పనిపిల్లవాడు స్క్రూడ్రైవరుతో డ్రైవు బోల్టులను ముట్టబోయెను. పెట్టెపై చిన్న ఎర్రదీపము వెలుగుచునే యుండెను. మేము అతని మణికట్టు పట్టుకొంటిమి. స్విచ్చి తీయుట లైనును త్రెంచును గాని కెపాసిటరును ఖాళీ చేయదు. ఆ బోల్టుల నడుమ అప్పటికి మూడువందల వోల్టులకు పైగా డి.సి. కరెంటు కాచుకొనియున్నది. అది ప్రాణములు తీయగలది. తయారుచేసినవారి కాగితములలో ఇన్ని నిమిషములు ఆగవలెనని వ్రాసియుండును. అయిదు, పది, కొన్ని పెద్దవానికి అంతకంటెను ఎక్కువ. ఎర్రదీపమారినను వోల్టుమీటరుతో చూచినగాని చేయి పెట్టరాదు. మేము పది నిమిషములు బల్లపై కూర్చుండి టీ త్రాగి, మీటరు పెట్టి చూచి, పిమ్మట విప్పితిమి.

మూడవ దినమున ట్రాన్సుఫార్మరు వచ్చినది. ఆ రాత్రి పదిన్నరకు డ్రైవు కొసల దగ్గర మీటరు 218 చూపెను. పొట్లములు ఆగక పడుచుండెను. తెల్లవారునప్పటికి గోడవారగా పేర్చిన పెట్టెలు లారీకెక్కినవి. ఆ చోటనే కొత్త టిక్కీలు దింపించిరి.